కొమ్ముల పార్టీ ఎందుకు ఓడింది

ఒక పెద్ద అడవిలో అధ్యక్ష పదవికి ఎన్నికలు జరిగాయి. ఓడిన పార్టీవాళ్ళు తమలో తాము కొట్టుకున్నారు. కథ ఇంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపు చెప్పేస్తాను.

కాకపోతే ఆ అడవి ఎలాంటిదో కాస్త తెలియాలి. అక్కడ ఒక నెమలి ఎప్పటినుంచో పెళ్ళిసంబంధాలు చూస్తోంది. వచ్చిన ప్రతి ఆడనెమలికీ తోక పొట్టిగా ఉందని వంక పెడుతుంది. ముళ్ళపందేమో కొత్త ఇంట్లోకి దిగి అందరినీ భోజనానికి పిలిచింది. వచ్చినవాళ్ళెవరూ తన పక్కన కూర్చోలేదని ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంది. ఇవన్నీ మనకెందుకు గాని, ఎన్నికల దగ్గరికి వస్తాను.

ఆ అడవిలో ఉన్నవి రెండే పార్టీలు. ఒకటి కొమ్ముల పార్టీ, ఇంకొకటి గోళ్ళ పార్టీ. కొమ్ములవాళ్ళు ఎంతమందంటే, వాళ్ళు వాగులో నీళ్ళు తాగి వెళ్ళాక చేపలు కాసేపు నడవాల్సి వచ్చేది. గోళ్ళవాళ్ళంతా కలిసి ఒక బండ మీద సరిపోయేవాళ్ళు.

కొమ్ముల తరఫున అడవిదున్న నిలబడింది. గోళ్ళ తరఫున ఎలుగుబంటి పేరు పెట్టారు. అది ప్రచారానికి ఒక్క పూట కూడా రాలేదు. ఇప్పపూలు రాలే రోజులు కదా, చెట్టు కిందే తిని చెట్టు కిందే పడుకునేది.

ఓటెయ్యడం కూడా తేలికే. వాగు ఒడ్డున రెండు బురద మడులు ఉంటాయి, పార్టీకొకటి. ఎవరికి నచ్చిన మడిలో వాళ్ళు ఒక్క అడుగు గుర్తు వేసి పోవాలి. ఎన్నికల అధికారి తాబేలు ఆ గుర్తులు లెక్కపెడుతుంది.

తాబేలు లెక్కపెట్టింది. ఎలుగుబంటి గెలిచింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినవాళ్ళని "దేంట్లో?" అని అడిగి, అది అటు తిరిగి పడుకుంది. పూలు అయిపోయాక వచ్చి ప్రమాణం చేస్తుందని వాళ్ళే ప్రకటించుకున్నారు.

కొమ్ములవాళ్ళు కోపంతో మడి వైపు కూడా చూడకుండా వెళ్ళి, చౌడుదిబ్బ మీద సమీక్షా సమావేశం పెట్టారు.

ఇక్కడ కుందేలు గురించి చెప్పాలి. దానికి కొమ్ములు లేవు. చెవులు నిక్కబొడిస్తే దూరం నుంచి కొమ్ముల్లాగే కనపడతాయని పార్టీలో అనుబంధ సభ్యురాలిగా చేర్చుకున్నారు. పదవీ లేదు, పలుకుబడీ లేదు. మందతో మేయొచ్చు, దున్న కాళ్ళ సందున పడుకోవచ్చు. దానికి అదే పదివేలు. ఎందుకంటే మంద వెనకే ఒక నక్క తిరిగేది. పార్టీ సమావేశం ఎప్పుడు పెట్టినా వచ్చి, బయట మర్యాదగా కూర్చునేది. అంతకుముందు ఏడాది ఒక ముసలి కుందేలుని పార్టీ నుంచి తీసేస్తే, అది మధ్యాహ్నం దాకా కూడా స్వతంత్రంగా లేదు.

సమావేశంలో మొదట దున్న లేచింది.

"అడవి నన్ను కోరుకుంది. పార్టీయే నన్ను ముంచింది," అంది.

కార్యదర్శి కణుజు, అంటే జింకల్లోకెల్లా పెద్దది, తన కొమ్మల కొమ్ములు సర్దుకుంది. "ప్రతి సభలోనూ తల ఊపి 'హుం' అనడం తప్ప నువ్వేం మాట్లాడావు మామా?"

"ఆ 'హుం'లో చాలా ఉంది."

"ఉంటే ఉండొచ్చు. బయటికి రాలేదు."

నాలుగు కొమ్ముల కొండగొర్రె గొంతు సవరించుకుంది. "అందుకే నన్ను నిలబెట్టమన్నాను. అందరికీ రెండే. నాకు నాలుగు."

"నీ నాలుగూ కలిపినా ఈ కుందేలు చెవంత లేవు," అంది కణుజు. కుందేలు వెంటనే చెవులు దించేసుకుంది. పెద్దవాళ్ళ గొడవలో మన పేరు రావడం మంచిది కాదని దానికి తెలుసు.

"ఎవరేమన్నా పోలింగ్ ఏర్పాట్లకి వంక పెట్టలేరు," కణుజు ఛాతీ విరిచింది. "అవి నావి. మందంతా ఒకే వరసలో వచ్చింది. ముందువాళ్ళు అడుగు వేసిన చోటే వెనకవాళ్ళు అడుగు వేశారు. ఒక్కరు తప్పారా?"

"వరసకి ముందు నడిచింది నేను," అంది దున్న.

"అసలు ఆ ఆలోచనే నాది," అంది కొండగొర్రె.

నిజానికది ఎవరి ఆలోచనా కాదు. మంద పుట్టినప్పటినుంచీ అలాగే నడుస్తోంది. ముందువాళ్ళు కాలు పెట్టి బతికి ఉన్నారంటే అక్కడ పాము లేదు, ఊబి లేదు. ఆ పైన ఆలోచించే అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు.

"అయితే మనవాళ్ళంతా ఓటేశారు," అంది కణుజు. "అయినా ఓడిపోయాం. అంటే ద్రోహం చేసింది కొమ్ములు లేనివాళ్ళు."

అందరూ కుందేలు వైపు తిరిగారు. బయట నక్క లేచి నిలబడింది.

"నువ్వు వరసలో ఆఖర్న ఉన్నావు," అంది దున్న. "అందరూ వేసిన చోట అడుగు వెయ్యకుండా పక్కన వేశావట. చూసినవాళ్ళున్నారు."

"వేశాను మామా," అంది కుందేలు. దాని ముక్కు వణుకుతోంది. "నా వంతు వచ్చేసరికి అది పెద్ద గుంటైపోయింది. దిగితే మళ్ళీ పైకి రాలేనేమోనని భయమేసింది. పక్కన వేసినా మన మడిలోనే వేశాను."

"క్రమశిక్షణ తప్పానని ఒప్పుకుంది," అంది కణుజు. "తీసేద్దాం."

కొండగొర్రెకి పద్ధతులంటే ప్రాణం. "స్థలం చూడకుండా తీసేస్తే రేపు మాట వస్తుంది. చూసొచ్చి తీసేద్దాం," అంది.

మంద బయల్దేరింది, వరసలోనే. నక్క కూడా వెనకాల నడిచింది.

గోళ్ళవాళ్ళ మడిలో చెల్లాచెదురుగా పంజా గుర్తులున్నాయి. కొమ్ములవాళ్ళ మడిలో మోకాలి లోతు గుంట ఒకటి ఉంది. దాని పక్కన చిన్న కుందేలు అడుగు ఉంది. ఇంకేమీ లేవు.

"మాకెన్ని ఓట్లు లెక్కపెట్టావు?" దున్న తాబేలుని అడిగింది.

"రెండు."

"మందంతా వేసింది కదా."

"వేసే ఉంటారు. గుర్తులు లెక్కపెట్టడమే నా పని. లోతు కొలవమని ఎవరూ చెప్పలేదు," అంది తాబేలు.

దున్న గుంటలోకి ఓసారి తొంగి చూసింది.

"ఏర్పాట్లు నీవన్నావు," దున్న కణుజుతో అంది.

"ముందు నడిచింది నువ్వు. పక్కకి జరగొచ్చుగా," అంది కణుజు.

"నేను ముందున్నవాణ్ణి. వెనక ఏం జరుగుతోందో నాకేం తెలుసు."

"నువ్వెప్పుడు తెలుసుకున్నావు గనక."

కొమ్ముల పార్టీలో ఎవరినైనా తీసెయ్యాలంటే నాయకుడు వాళ్ళకి వీపు చూపిస్తే చాలు. దున్న కణుజుకి వీపు చూపించింది. సరిగ్గా అప్పుడే కణుజు దున్నకి వీపు చూపించింది. రెండూ ఆశగా తాబేలు వైపు చూశాయి.

"ఇద్దరూ ఒకేసారి తిరిగారు. రెండూ చెల్లుతాయి," అంది తాబేలు.

ఇక మిగిలిన నాయకుడు కొండగొర్రె. జీవితంలో మొదటిసారి దాని నాలుగు కొమ్ములూ ఒకేసారి నిలబడ్డాయి. గట్టు ఎక్కి, "ఇంత అవమానం జరిగాక ఎవరినీ ఉపేక్షించను. ఆ గుంటలో కాలు పెట్టిన ప్రతివాళ్ళూ ఈ క్షణం నుంచి పార్టీలో లేరు," అని మందకి వీపు చూపించింది.

మందలోంచి ఒక ముసలి జింక మెల్లగా అడిగింది. "నువ్వూ పెట్టావు కదా నాయనా?"

కొండగొర్రె ఆలోచించింది. పెట్టింది. చెప్పాను కదా, దానికి పద్ధతులంటే ప్రాణం. గట్టు దిగి తనూ బయటికి వెళ్ళిపోయింది.

కుందేలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. "అన్నా, మరి నా సంగతేం చేశారు?" అని కణుజుని అడిగింది.

"నిన్ను తీసెయ్యాలంటే నేను పార్టీలో ఉండాలి కదమ్మా," అంది కణుజు నీరసంగా.

బయటికొచ్చేవాళ్ళ కోసం నక్క ఎదురుచూస్తోంది. మొదట దున్న వచ్చింది. నక్క పక్కకి తప్పుకుని దారిచ్చింది. తర్వాత కణుజు. తర్వాత మందంతా. చివరికి నక్క దుమ్ము దులుపుకుని కుందేలు దగ్గరికొచ్చింది.

"మరదలా, నువ్వెప్పుడొస్తావు బయటికి?"

"నేనెలా వస్తాను బావా. ఇప్పుడు పార్టీ అంటే నేనే," అంది కుందేలు.

ఆ మాట దున్న చెవిన పడింది. అది వెనక్కొచ్చి, తనని తిరిగి చేర్చుకోమని కుందేలుని అడిగింది. అది చూసి కణుజు వచ్చింది. తర్వాత కొండగొర్రె, తర్వాత మంద. కుందేలు ఎవరికీ కాదనలేదు, ఎవరికీ ఔననలేదు. ఆలోచించి చెబుతానంది. అడగడానికి వచ్చినవాళ్ళు, ముందు కదిలితే తమ వంతు పోతుందని ఎవరూ కదలకుండా దాని చుట్టూ కోటలా నిలబడ్డారు. నక్క వేరే ఊరు చూసుకుంది.

ఇంతలో అకాల వర్షం కురిసింది. మడులు రెండూ చదునైపోయాయి. అధ్యక్షుడు ప్రమాణం చెయ్యకముందే గుర్తులు చెరిగిపోతే మళ్ళీ పోలింగ్ పెట్టాలి. కొమ్ముల పార్టీ అభ్యర్థి ఎవరని తాబేలు అడిగింది. పార్టీలో ఉన్నది ఒక్కరే కాబట్టి చర్చ జరగలేదు.

ఈసారి మందలో ఎవరూ ఎవరి వెనకా నడవలేదు. దున్న ఎటు వస్తే కణుజు అటు రాలేదు. ఒక్కొక్కరు ఒక్కో దారిలో వచ్చి, ఎవరూ తొక్కని చోటు వెతికి, గట్టిగా అడుగు వేసి, "ఇది నాది, గుర్తుంచుకో తల్లీ," అని కుందేలుకి చూపించి వెళ్ళారు. మడి చాలక కొందరు గట్టు మీద కూడా వేశారు. తాబేలుకి లెక్కపెట్టడానికి చాలా పొద్దు పట్టింది.

కుందేలు అధ్యక్షురాలైంది. ఎలుగుబంటికి ఎవరూ చెప్పలేదు.

నీతి: పార్టీ గెలవాలంటే ముందు అందరినీ అందులోంచి పంపించెయ్యాలి.