గీత పడ్డ ప్లేటు గొప్పతనం

గ్రామఫోను ప్లేటు మీద గీత పడిందని పారేసేవాళ్ళు సంగీతద్రోహులు! గీత లేని ప్లేటు పాడుతుందంతే. దాన్ని నలుగురూ వినాలంటే మాత్రం గీత పడాల్సిందే. నమ్మరా? అయితే పెదపాడు తాతారావుగారి సంగతి వినండి.

తాతారావుగారికి ఓ మైకుసెట్టుంది. కొల్లేటి పల్లెల్లో పెళ్ళంటే ఆయన బాకా కొబ్బరిచెట్టెక్కాల్సిందే. పెట్టెలో ప్లేట్లు పాతిక ఉన్నా, ప్రాణం మాత్రం ఒక్కదాని మీదే. ఏలూరులో ఎనిమిది రోజులాడి, తొమ్మిదో రోజున మూటాముల్లె సర్దుకున్న సినిమాలోదా పాట. ఆ ఎనిమిది రోజుల్లో ఆయన ఆరుసార్లు చూశారు. మిగతా రెండు రోజులూ జ్వరం.

"కష్టాలన్నీ తీరిపోవును, నవ్వుతూ లేవోయ్" అంటుందది. అది వింటే మంచాన పడ్డవాడు కూడా లేచి పొలం వెళ్తాడని ఆయన నమ్మకం. ఒక్కరంటే ఒక్కరు బాగుందంటే చాలని మూడేళ్ళుగా ఆశ.

ఎవరంటారు? పెళ్ళిలో పాట వినేదెవరండీ! పాట మొదలవగానే జనం గొంతు పెంచుతారు. ఆయన వాల్యూం పెంచితే వాళ్ళు చెవులు మూసుకుని మరీ మాట్లాడుకుంటారు.

ఇంతలో ప్లేటుకి గీత పడింది. చివర మళ్ళీ పల్లవి ఎత్తుకునేచోట ముల్లు చిక్కుకుని అన్నమాటే అనేది. వేలితో చిన్నగా తోస్తే కదిలేది. అందుకని ఆయన పక్కనే కాపలా కూర్చునేవారు.

దెందులూరులో వెంకట్రాజుగారి అమ్మాయి పెళ్ళి. తాతారావుగారు అలా పాట పెట్టారో లేదో, పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "ఏవండీ, ముందు మీరు భోంచెయ్యాలండి" అని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి, వియ్యంకుడు సోమరాజుగారి పక్కన బంతిలో కూర్చోబెట్టారు. వడ్డన అయింది. ఆయన పప్పన్నం కలిపారు.

"కష్టాలన్నీ... కష్టాలన్నీ... కష్టాలన్నీ..."

బంతి మధ్యలో లేవడమంటే, అందులోనూ వియ్యంకుడి పక్కనుంచి, పెళ్ళివారిని అవమానించడమే. తాతారావుగారు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. బాకా ఊరంతటికీ కష్టాలు చాటుతోంది. గ్రామఫోనుకిచ్చిన కీ తగ్గేకొద్దీ ఆ కష్టాల గొంతు బొంగురుపోయింది. పెళ్ళికూతురు ముఖం పాలిపోయింది. గరిటెలు ఆగాయి, మాటలూ ఆగాయి.

"కష్టాలన్నీ ఏమవుతాయండీ?" అని పెళ్ళికొడుకు నాయనమ్మ వెంకటనరసమ్మగారు అడిగారు.

"అది తేలేదాకా నేను నెయ్యి వేయించుకోనండి," అన్నారు సోమరాజుగారు, విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి.

తాతారావుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మూడేళ్ళకి ఒకరు అడిగారు! కీ అయిపోయి బాకా ఆగేసరికి, చేతిలో ముద్దతోనే గొంతెత్తారు. కష్టాలు తీరిపోయేదాకా పాడి, అక్కడితో ఆగక చరణాలు రెండూ పాడారు. బంతి బంతంతా నోరు కదపకుండా విన్నది.

"బాగుందండీ," అన్నారు వెంకటనరసమ్మగారు. సోమరాజుగారు నెయ్యి రెండుసార్లు వేయించుకున్నారు.

ఆ ఉత్సాహంలో తాతారావుగారు ఏలూరు వెళ్ళి అదే పాట కొత్త ప్లేటు తెచ్చారు. తాడేపల్లిగూడెం పెళ్ళిలో పెట్టారు. ఎక్కడా ఆగకుండా తేనెలా సాగింది. జనం మొదటినుంచి చివరిదాకా గేదెల గురించి మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చి ఆయన కొత్త ప్లేటు ఒళ్ళో పెట్టుకున్నారు. అరిగిన ముల్లు తీసుకుని, ఊపిరి బిగబట్టి, తన చేత్తో ఓ గీత గీశారు. ఈసారి చోటు తనే ఎంచుకున్నారు. రెండో చరణంలో, "కాస్త వినవోయ్" అన్నచోట.