తువ్వాలు కింద వ్యాసం

ఆ రోజుకు వెంకటాచలపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మామిడి మార్కెట్టుకు వెళ్లి, ప్రభాకరరావు కమీషన్ షాపులో ఫోను అందుకుని, లేయా అనే అమ్మాయికి వ్యాసం రాయడం నేర్పాలి. ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. ఆ తర్వాత, తను చేసిన మంచి పని గురించి తలుపు వేసుకుని ఆలోచించుకోవాలి. ఈ మూడింటిలో అతనికి బాగా చేతనైనది చివరిది.

అతను నూజివీడులో ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. జీతంలో కొంత మనస్తత్వశాస్త్రం పుస్తకాలకు పోతుంది. పోస్టులో వచ్చిన ప్రతి పుస్తకంలోనూ అతనికి తన జబ్బు ఒకటి కనిపిస్తుంది. మొదట్లో భయపడేవాడు గానీ, ఈ మధ్య ఏ పుస్తకంలోనైనా తన జబ్బు లేకపోతే రచయితకు విషయం తెలియదనుకుంటున్నాడు.

లేయా తల్లి మగ్దలేనమ్మ బస్టాండు దగ్గర డాక్టరుగారి క్లినిక్కులో ఆయా. లేయాకు నర్సు ట్రైనింగుకు వెళ్లాలని ఉంది. దానికి మిషన్ ఆస్పత్రివాళ్లు పెట్టే పరీక్షలో అన్నీ రాయగలదు, ఒక్క వ్యాసం తప్ప. కిందటేడు వ్యాసం దగ్గరే పోయింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది. ఇక తల్లితోపాటు ఆ క్లినిక్కు నేల తుడుచుకోవడమే. పరీక్ష రేపే.

విచిత్రమేమిటంటే, లేయా నోరు విప్పితే ఆగదు. క్లినిక్కుకు వచ్చిన పేషెంట్లు డాక్టరుగారు ఆలస్యమైనా విసుక్కోరు, లేయా చెప్పే కబుర్లు వింటూ కూర్చుంటారు. పెన్ను చేతికిస్తే మాత్రం బిగుసుకుపోతుంది.

వెంకటాచలపతి దీనికి కారణం కనిపెట్టాడు. రాసేవాళ్లను స్తంభింపజేసేది మాస్టారి ముఖం. ఆ ముఖంలో తండ్రి ఉంటాడు, న్యాయమూర్తి ఉంటాడు, బెత్తం ఉంటుంది. ముఖం తీసేసి గొంతు మాత్రమే ఉంచితే చెయ్యి దానంతట అదే కదులుతుంది. అందుకు ఫోనుకు మించిన సాధనం లేదు. నిజానికి ఎదుటి మనిషి ముఖం చూస్తే బిగుసుకుపోయేది తనేనని అతనికి తెలుసు. ఆ సంగతి తెలుసుకోగలిగినందుకు తనను తాను మెచ్చుకుని, దాన్ని అక్కడితో వదిలేశాడు.

ఫోనుకు ఖర్చు కూడా లేదు. అటువైపు డాక్టరుగారు వచ్చేదాకా క్లినిక్కు ఫోను ఊరికే ఉంటుంది. ఇటువైపు ప్రభాకరరావు కొడుకు వెంకటాచలపతి దగ్గరే చదివాడు.

"బిల్లులో ఎలాగూ కొన్ని కాల్స్ ఫ్రీగా ఇస్తాడు మాస్టారూ. అవి మా ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే బదులు మీరే మాట్లాడుకోండి," అన్నాడు ప్రభాకరరావు.

ఆ ఉదయం ప్రభాకరరావు షాపులో లేడు. రసాల తోట ఒకటి చూడటానికి స్కూటరు మీద విస్సన్నపేట వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ బ్రోకరు నారాయణరావుతో, "మా బావమరిది షాపులో కూర్చుంటాడు. అతనితో చెయ్యి కలిపితే నాతో కలిపినట్టే," అని చెప్పాడు. బావమరిదికి పన్నునొప్పి వచ్చి బుగ్గ వాచింది, షాపుకు రాలేదు. నారాయణరావుది బాపులపాడు. ఈ సీజనుకే ఈ మార్కెట్టుకు వచ్చాడు. బావమరిదిని ఎన్నడూ చూడలేదు. ఇక ఫోను తీగ పొట్టిది కావడంవల్ల, మాట్లాడాలంటే యజమాని కుర్చీలోనే కూర్చోవాలి. వెంకటాచలపతి అందులోనే కూర్చుని ఉన్నాడు.

"ఎంతవరకు వచ్చిందమ్మా?" అన్నాడు ఫోనులో.

"‘మా ఊరు చాలా అందమైన ఊరు’ అని రాశానండీ."

"తర్వాత?"

"తర్వాత చుక్క పెట్టానండీ."

"పరీక్షలో ఏటా ఇచ్చే విషయం ‘నేను ఎరిగిన ఒక సంఘటన’ కదమ్మా. మధ్యలో ఊరెందుకొచ్చింది?"

"సంఘటన ఎక్కడో ఓ చోట జరగాలి కదండీ?"

వెంకటాచలపతి కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుంటే ఎదుటివారి అంతరంగం వినిపిస్తుందని ఒక పుస్తకంలో ఉంది. ఎడమచేత్తో రిసీవరు పట్టుకుని, కుడిచేతిని బల్లమీద చాపి, లేయా అంతరంగం కోసం ఎదురు చూశాడు.

ఆ మార్కెట్టులో పెద్ద బేరాలు నోటితో చెయ్యరు. బ్రోకరు చేతిమీద తువ్వాలు కప్పి కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు. కొనేవాడు ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. అది తీసుకెళ్లి రైతుకు చెబుతాడు, రైతు చాలదంటే మళ్లీ వస్తాడు. కొనేవాడు మొత్తం చెయ్యి గట్టిగా పిండితే బేరం ఖాయమైనట్టు. ఒకసారి ఖాయమైతే మళ్లీ వెనక్కు పోదు. పక్కన నిలబడ్డవాడికి కూడా తువ్వాలు తప్ప ఇంకేమీ కనిపించదు.

నారాయణరావు వచ్చాడు. కుర్చీలో ఉన్న మనిషి కళ్లు మూసుకుని ఫోను వింటున్నాడు. ఎవరో పెద్ద వ్యాపారిలా ఉన్నాడు. మాట్లాడి విసిగించకుండా తువ్వాలు కప్పి చెయ్యి పట్టుకున్నాడు.

వెచ్చగా, గరుకుగా ఉన్న ఆ చెయ్యి తగలగానే వెంకటాచలపతి ఒళ్లు జల్లుమంది. అతని చేతిని ఒక మనిషి పట్టుకుని చాలాకాలమైంది. చివరిసారి పట్టుకున్నది కాంపౌండరు, అదీ నాడి చూడటానికి. ఎవరో దారినపోయేవాడు తన ముఖంలోని ఒంటరితనం చూసి జాలిపడ్డాడని అతనికి అర్థమైంది. తువ్వాలు కప్పడం ఆ జాలిని నలుగురికీ కనిపించకుండా దాచడానికే. ఎంత సున్నితమైన మనసు! కళ్లు తెరిస్తే ఆ మనిషి సిగ్గుపడి వెళ్లిపోతాడేమోనని తెరవలేదు.

"మూడు పేరాలు రాయాలమ్మా," అన్నాడు గద్గదంగా. "ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది." ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు చొప్పున ఆ ఆత్మీయుడి చేతిలో నొక్కాడు.

చెయ్యి వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మనిషి వెళ్లినట్టే వెళ్లి తిరిగి రావడం వెంకటాచలపతి జీవితంలో అదే మొదలు.

"మూడు చాలవేమోనమ్మా. నాలుగు రాయి."

"నాలుగోదాంట్లో ఏం రాయాలండీ?"

"నీ మనసులో ఏం కలిగిందో అది."

"ఏం కలగలేదండీ."

చెయ్యి మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. "అయితే ఐదోది కూడా పెడదాం, ముగింపు," అని ఐదో వేలు నొక్కాడు. నారాయణరావు ఆశ్చర్యపోయాడు. ఇంకెవరూ పోటీ లేకుండా తనమీద తనే పాట పెంచుకునేవాణ్ని అతను బాపులపాడులో కూడా చూడలేదు.

అటువైపు లేయా ఏడుపు మొదలైంది. "నావల్ల కాదండీ మాస్టారండీ. రేపు కూడా పోద్దండీ."

వెంకటాచలపతి గుండె కరిగిపోయింది. "అవుతుందమ్మా! ఎందుకవ్వదు? తప్పకుండా అవుతుంది!" అంటూ చేతిలో ఉన్న చేతిని ఎముకలు కలిసిపోయేలా పిండాడు.

"ఖాయం!" అని కేకపెట్టాడు నారాయణరావు, కొంత ఆనందంతోను, కొంత నొప్పితోను.

వెంకటాచలపతి కళ్లు తెరిచాడు. ఎదురుగా ముక్కూ ముఖం తెలియనివాడు వేళ్లు విదిలించుకుంటున్నాడు. వాడి వెనక ఒక రైతు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆ వెనక ఒక ట్రాక్టరు నిండా కలెక్టరు రకం మామిడికాయ షాపులోకి మళ్లుతోంది.

"ఇదేంటండీ?"

"మీ సరుకేనండీ," అన్నాడు నారాయణరావు.

"మా గోపాలకృష్ణ బతికిపోయాడని చెప్పుకుంటారండీ ఊళ్లో," అన్నాడు రైతు తన పేరు తనే చెప్పుకుని. జ్యూస్ ఫ్యాక్టరీవాళ్లు కొనడం ఆపేసినప్పటినుంచీ కలెక్టరు కాయను ముట్టుకున్నవాడు లేడు.

వెంకటాచలపతి రిసీవరును బల్లమీద పక్కకు పెట్టి లేచాడు. అంతలో పక్క షాపు వెంకటరమణ పరిగెత్తుకొచ్చాడు. రసాలు తప్ప వేరే కాయ ఎరగని ప్రభాకరరావు షాపు, ఎవరికీ అక్కర్లేని కలెక్టరును ఆ ధరకు కొనడమా? అదీ ఫోను చెవి దగ్గర పెట్టుకుని?

"ఎవరండీ మాస్టారూ ఫోనులో?"

"ఒక అమ్మాయండీ," అని ఒప్పుకునేసరికి వెంకటాచలపతి చెవులు ఎర్రబడ్డాయి. "వ్యాసం చెబుతున్నాను."

"ఎండాకాలం సెలవుల్లో వ్యాసమా?"

"నిజమండీ. ఐదు పేరాలు రాయమన్నాను."

వెంకటరమణ కాసేపు అతని ముఖంలోకి చూసి, నవ్వి, బయటికి వెళ్లి పక్కవాడి చెవిలో చెప్పాడు. "ఫ్యాక్టరీ మళ్లీ తెరిచార్రా. ఐదు లారీలు కావాలంట. లారీ అనకుండా పేరా అంటున్నాడు. ప్రభాకరరావు మామూలోడు కాదు, పంతులుగారిని కూర్చోబెట్టాడు చూడు!"

కాఫీ తాగి వచ్చేంతలో యార్డులో కలెక్టరు కాయ కనపడకుండా పోయింది. ధర పెరిగింది. కొన్నవాళ్లంతా వచ్చి వెంకటాచలపతి చుట్టూ చేరారు.

"ఇంకా ఎంతదాకా పోతుందంటారు మాస్టారూ? మొదలు బాగానే ఉంది."

తన వ్యాసం గురించి ఇంతమంది శ్రద్ధగా అడగడం వెంకటాచలపతికి కొత్త. క్లాసులో ఒక్కడు కూడా అడగడు. బిడియం పోయింది. "ఆరంభం బలంగా ఉండాలండీ. మధ్యలో పట్టు సడలకూడదు. పైకి, ఇంకా పైకి తీసుకెళ్లాలి," అన్నాడు చెయ్యి ఎత్తి.

ధర ఇంకా పైకి వెళ్లింది. జనం తోసుకోవడం చూసి, గుంపు మనస్సు గురించి తను చదివిన అధ్యాయం అతనికి గుర్తొచ్చింది. సరిగ్గా అందులో రాసినట్టే ప్రవర్తిస్తున్నారని సంతోషించాడు. గుంపుకు ఒక నాయకుడు ఉంటాడని కూడా ఆ అధ్యాయంలో ఉంది. వాడెక్కడున్నాడా అని చుట్టూ చూశాడు.

"మరి ముగింపు మాస్టారూ?" అన్నాడు వెంకటరమణ గొంతు తగ్గించి.

"ముగింపు ఉన్నట్టుండి రావాలండీ. ఎవరూ ఊహించకూడదు. ఢామ్మని పడిపోవాలి."

 అందరూ ఒక్కసారిగా అమ్మడానికి పరిగెత్తారు. కొనేవాడు లేడు. కాసేపట్లోనే కలెక్టరు కాయ ధర పొద్దున ఉన్న చోటికంటే కిందికి దిగింది.

అప్పుడు వచ్చాడు ప్రభాకరరావు. స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా షాపులోని కాయ వైపు చూశాడు.

"ఎవడయ్యా నా షాపులో కలెక్టరు దింపింది?"

"మీ బావమరిదిగారేనండీ కొన్నారు," అన్నాడు నారాయణరావు.

"మా బావమరిది లవంగం నూనె రాసుకుని ఇంట్లో మూలుగుతున్నాడు కదయ్యా! దార్లో చూసే వస్తున్నాను."

అందరూ కుర్చీ వైపు చూశారు.

"చెయ్యి నాదేనండీ," అన్నాడు వెంకటాచలపతి. "కానీ నేను నొక్కింది వ్యాసం కోసం."

"మరి నా చెయ్యి ఎందుకు పిండారండీ?" అన్నాడు నారాయణరావు.

"మీరు నన్ను ఓదారుస్తున్నారనుకున్నాను."

మార్కెట్టంతా గొల్లుమంది. వెంకటరమణ నవ్వలేదు. "ఓదార్చాల్సింది మమ్మల్నండీ," అన్నాడు.

ప్రభాకరరావు తల పట్టుకున్నాడు. తువ్వాలు కింద ఖాయమైనదాన్ని కాదంటే రేపటినుంచి తన షాపుకు కాయ తెచ్చే రైతు ఉండడు. గోపాలకృష్ణకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపించేసి, ట్రాక్టరువాడిని పిలిచాడు. "మాస్టారు ఇల్లు తెలుసా? ఈ కాయంతా అక్కడ దింపు. ఇంట్లో పట్టినంత ఇంట్లో, మిగతాది వరండాలో. మాస్టారూ, ఏమనుకోకండి. ఇది నా షాపు ముందుంటే జనం నన్ను చూసి నవ్వుతారు. మీకైతే ఫరవాలేదు."

అప్పుడు గుర్తొచ్చి వెంకటాచలపతి బల్లమీది రిసీవరు అందుకున్నాడు. అటు ఏ చప్పుడూ లేదు. ఏడుస్తున్న పిల్లను పరీక్ష ముందురోజు గాలికి వదిలేసి, మామిడికాయల వ్యాపారులకు వ్యాసరచన బోధించాడు తను. అతను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ జబ్బుకు పేరు లేదు.

సాయంత్రానికి వీధి వీధంతా అతని వరండాలో ఉంది. ఆవకాయకు కొందరు, పప్పులోకి కొందరు, ఊరికే చూసిపోదామని కొందరు. అన్నేళ్లుగా తప్పించుకు తిరిగిన ముఖాలన్నీ ఒక్కరోజే చూడవలసి వచ్చింది. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. చెబుతున్నంతసేపూ లేయా ఏడుపే చెవిలో వినిపించింది. క్లినిక్కుకు వెళ్లి కనుక్కుందామని ఆ వారంలో ఎన్నోసార్లు చెప్పులు వేసుకున్నాడు. వేసుకున్నవి విప్పి, తన పిరికితనం మూలాలను పరిశీలిస్తూ కూర్చున్నాడు.

పరీక్ష ఫలితాలు గోడమీద అంటించిన రోజున లేయా, మగ్దలేనమ్మ అతని ఇంటికి వచ్చారు. మగ్దలేనమ్మ చేతిలో మిఠాయి పొట్లం ఉంది.

"సీటొచ్చిందండీ మాస్టారండీ," అంది లేయా. "వ్యాసం కాగితం చాలక ఇంకోటి అడిగి తీసుకున్నానండీ. అక్కడి సిస్టరుగారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారంట."

"నవ్వారా? ఏ సంఘటన రాశావమ్మా?"

లేయా తల్లి వైపు చూసింది. "మీరు ఫోను పెట్టెయ్యకుండా లేచెళ్లిపోయారు కదండీ. మార్కెట్టులో అరుపులన్నీ నాకు వినపడినయ్యండీ. ట్రాక్టరు, వెంకటరమణగారు, ఢామ్మని పడిపోవడం, అన్నీ. డాక్టరుగారు వచ్చి లాక్కునేదాకా వింటానే ఉన్నాను, రాసుకుంటానే ఉన్నాను. పరీక్షలో అదే రాసేశానండీ. మీ పేరు పెట్టలేదులెండి. ‘ఒక మంచి మాస్టారు’ అన్నాను."

వెంకటాచలపతికి అవమానం గుర్తు రాలేదు. గెలిచింది తన సిద్ధాంతం. కుర్చీలో ముందుకు జరిగాడు. "చూశావా! ముఖం కనిపించకుండా గొంతు మాత్రమే వినిపిస్తే చెయ్యి దానంతట అదే కదులుతుందని నేను అప్పుడే..."

"అది కాదండీ," అంది లేయా. "మీరు చెబుతున్నంతసేపూ నాకేం తోచలేదండీ. మీరు చెప్పడం ఆపాకే వచ్చింది."

"ఏంటే ఆ మాటలు, మాస్టారి ముందు!" అని మగ్దలేనమ్మ కూతురి భుజమ్మీద చరిచి, అతని వైపు తిరిగింది. "అదేం మనసులో పెట్టుకోకండి మాస్టారండీ. మా చిన్నదానికి కూడా వ్యాసం రాదండీ. దానిక్కూడా అట్లాగే చెప్పండి."

బళ్లు తెరిచాక, వ్యాసం పీరియడులో వెంకటాచలపతి విషయం బోర్డుమీద రాసి వరండాలోకి వెళ్లి నిలబడుతున్నాడు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయని, అతని బోధనా పద్ధతిని మిగతా మాస్టార్లు కూడా పాటించాలని హెడ్మాస్టరుగారు సర్క్యులర్ పంపించారు.