ఎర్రప్ప తువ్వాలు

ఆ ఉదయం పద్మనాభ వేసుకున్న పథకం చాలా మామూలుది. తండ్రి రాజగోపాలయ్య ఇచ్చిన పెట్టుబడితో హుబ్బళ్ళి రైలెక్కాలి, ఉగాది అమ్మకాలకు చీరలు తేవాలి. ఆ డబ్బుకు ఏమైనా అయితే అంగడి బీగాలు తమ్ముడి చేతికి పోతాయని తండ్రి ముందే చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ఎదురంగడి రామసుబ్బా మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఇద్దరూ ఒకే ఏడు బళ్లారి బజారులో వ్యాపారంలోకి దిగారు. నిరుడు రామసుబ్బా సండూరులో కొత్తగా పెట్టిన మాంగనీసు కంపెనీ షేర్లు కొన్నాడు. అవి పెరిగి పెరిగి మోటారు సైకిలయ్యాయి. అప్పటినుంచి పద్మనాభకు అన్నం సయించడం లేదు.

"ఆ బండి చప్పుడైతే చాలు, నీ మొగం మాడిపోతాది" అంది భార్య రాజలక్ష్మి. "సుమ్నే నీ పాటికి నువ్వు రైలుకు పో."

రామసుబ్బా నేరుగా దలాలి ఎర్రప్ప దగ్గరికి వెళ్లాడు. పత్తి బేరమైనా, షేర్ల బేరమైనా ఎర్రప్ప తువ్వాలు కిందే. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. అమ్మేదెవరో, కొనేదెవరో కూడా చూసేవాళ్లకు తెలియదు. అడగడం మర్యాద కాదు. రామసుబ్బా మాత్రం నవ్వుతూ చెయ్యి బయటికి తీశాడు.

నవ్వాడంటే మళ్లీ కొన్నాడన్నమాట. పద్మనాభ రైలు మరిచిపోయి వెళ్లి, అదే కంపెనీవి కావాలన్నాడు. ఎర్రప్ప ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నాడు. చీరల డబ్బు మొత్తం పోయాక, అడగకూడనిది అడిగాడు.

"రామసుబ్బా ఎన్ని కొన్నాడప్పా?"

"ఆయప్ప కొనేదేంది? అమ్మినాడు. నువ్వు తీసుకున్నవి అవే. వాళ్ల బావ లారీలు గని కాడినుంచి ఖాళీగా వస్తాండాయంట."

"ముందే చెప్పొచ్చు కదప్పా."

"నువ్వు యాడ అడిగినావు?"

తండ్రి చూస్తాడన్న భయంతో పద్మనాభ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ అరుగు మీద కూలబడ్డాడు. ఆ నవ్వు నూనె అంగడి నారప చూశాడు. పిసినారి పద్మనాభ నవ్వాడంటే ఏదో ఉందని తనూ తువ్వాలులో చెయ్యి పెట్టాడు. నారపను చూసి మల్లికార్జునయ్య సేటు. మధ్యాహ్నానికి ఎర్రప్ప అరుగు ముందు జనం కిటకిటలాడారు, షేరు ధర పైకి లేచింది.

ఇదంతా ఎదురంగడిలోంచి చూస్తున్న రామసుబ్బా కడుపు రగిలిపోయింది. బావ తనకే అబద్ధం చెప్పాడనుకుని ఒక్క ఉరుకున వచ్చాడు.

"నా షేర్లు నాకిచ్చెయ్ పద్మనాభా. రెండింతలు ఇస్తా."

బేరం తువ్వాలు కింద ముగిసింది. పెట్టుబడికి రెండింతలు పద్మనాభ సంచిలో పడింది. సాయంత్రం రైలు ఇంకా ఉంది. అతను స్టేషను దాకా వెళ్లి టికెట్టు కూడా కొన్నాడు.

అక్కడ ఒక్క విషయం గుర్తొచ్చింది. చెయ్యి బయటికి తీస్తూ రామసుబ్బా మళ్లీ నవ్వాడు.

"వానికి ఏందో తెలిసుండాది" అనుకుని పద్మనాభ టికెట్టు చించేసి, సంచితో వెనక్కి పరుగెత్తాడు. ఎర్రప్ప తువ్వాలు ఇంకా పరిచే ఉంది.

ఉగాది లోపలే గని మూతపడింది, బీగాలు చేతులు మారాయి. తమ్ముడి అంగడిలో మొదటి బేరం ఎర్రప్పదే, కొత్త తువ్వాలు కొన్నాడు. పాత తువ్వాలు చిరిగిపోయిందట.