టన్నున్నర రెక్క

ఆసియా ఖండంలోకెల్లా పెద్ద గాలిమర విడవలూరు సముద్రతీరాన లేవబోతున్నదనీ, దాని మూడు రెక్కలూ తిరగడం మొదలైన మరుక్షణం రెండు వందల ఎకరాల మెట్ట మాగాణి అయిపోతుందనీ, అరవై మూడో సంవత్సరం వేసవిలో చిన్ననీటి పారుదల మంత్రిగారు ఇసుకలో నిలబడి ప్రకటించారు. బొగ్గు కాలితే అయిపోతుంది, చెరువు ఎండితే అయిపోతుంది, గాలి మాత్రం మా ప్రభుత్వంలాగా ఎప్పుడూ ఉంటుందన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో సిలార్‌వి కూడా ఉన్నాయి. సిలార్ పడవలు కట్టే వడ్రంగి. ముప్పై ఏళ్లుగా గాలితోనే వ్యవహారం కనక, ఇన్నాళ్లకు గాలికి సర్కారులో పలుకుబడి వచ్చిందని మనస్ఫూర్తిగా సంతోషించాడు. పక్కన నిలబడ్డ మాలకొండమ్మ అంతకన్నా సంతోషించింది. గాలిమరకు చోటిచ్చింది ఆమే. ఉన్న రెండెకరాల్లో పావెకరం వదులుకుని, మొదటి తడి తనకేనని ఇంజనీరు కామాక్షయ్యగారి దగ్గర మాట తీసుకుంది.

రెక్కలు పట్నంలో తయారై, గూడ్సుబండిలో బిట్రగుంట దాకా, అక్కణ్ణించి ఎడ్లబండ్ల మీదా వచ్చాయి. ఒక్కొక్కటి ముప్పై అడుగులు. లోపల టేకు దూలం, పైన ఇనుపరేకు. బరువు టన్నున్నర. ప్రభుత్వం చేసే పనిలో బరువుండాలి గదా. పదకొండు రోజులు కప్పీలు వేసి లాగితే పైకెక్కాయి.

ఎక్కి, కదలకుండా కూర్చున్నాయి.

ఆ వారం వీచిన గాలికి మూడు గుడిసెల కప్పులు లేచిపోయాయి గాని రెక్కలు బెత్తెడు కూడా జరగలేదు. కామాక్షయ్యగారు నాలుగు రోజులు క్షుణ్ణంగా పరిశీలించి, "స్థానికంగా లభిస్తున్న గాలి నాసిరకం" అని రిపోర్టు రాశారు. పైవారు ఆలస్యం చేయకుండా, మేలురకం గాలి ఏ జిల్లాలో దొరుకుతుందో వాకబు చేయమని జవాబిచ్చారు.

సిలార్‌కు ప్రాణం చివుక్కుమంది. తన్ను తిట్టినా పడేవాడేమో గాని, ఆ గాలిని నాసిరకం అంటే పడలేకపోయాడు. నేరుగా కామాక్షయ్యగారి క్యాంపు దగ్గరికి వెళ్లాడు.

"గాలిది తప్పు లేదు సార్. రెక్కలు బరువు. వాటిని కదిలించేదానికే గాలి బలం చాలకుండా ఉంటే, ఇంక నీళ్లేం తోడతాది?"

"బరువుంటేనే గట్టిదనం సాయిబూ."

"కొంగను చూడండి సార్. రెక్కలో బొమిక బోలుగా ఉంటాది. బలమంతా మొదట్లో, కొసకు పొయ్యేకొద్దీ పలచన. అది యాణ్ణించి యాడికో ఎగిరిపోతుండాది."

"కొంగకు ఎస్టిమేటు లేదయ్యా," అన్నారు కామాక్షయ్యగారు.

అయినా ప్రారంభోత్సవం తరుముకొస్తోంది. మేలురకం గాలి ఆచూకీ ఇంకా తెలియలేదు. తేలిక రెక్కలు తానే కట్టిస్తానన్న సిలార్‌తో చివరికి "కానీ" అన్నారు.

సిలార్ నలభై రోజుల్లో మూడు రెక్కలూ కట్టాడు. పడవకు పక్కటెముకలు పెట్టినట్టు వెదురుతో గూడు అల్లి, నడుమ సన్నని టేకు బద్ద పోనిచ్చి, పైన తెరచాప గుడ్డ బిగించాడు. అతని భార్య చాంద్‌బీ కుట్లు వేసింది. దానిమీద నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. లోపలంతా బోలు. ఒక్కోటి పావు టన్ను తూగింది.

వాటిని ఎక్కించిన మధ్యాహ్నం సముద్రం మీదినుంచి గాలి మళ్లింది. ఎవరూ ఏమీ చేయకుండానే రెక్కలు తిరిగాయి. కింది బోరు గొట్టంలోంచి నీళ్లు దూకాయి. మాలకొండమ్మ దోసిలి పట్టి తాగింది.

"తియ్యంగుండాయి సిలారన్నా!"

సిలార్ తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకున్నాడు. తొమ్మిది రోజులు నీళ్లు పారాయి. ఆమె నారు పోసింది.

పదో రోజున శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడొకరు లేచారు. మంజూరైన రెక్క టన్నున్నర, తిరుగుతున్న రెక్క పావు టన్ను, మిగతా టన్నుంబావు ఎవరు తిన్నారని అడిగారు. టేకూ ఇనుమూ అరిగించుకోగల సభ్యులు పాలకపక్షంలో ఎందరున్నారో పేర్లతో సహా చెప్పమన్నారు. మంత్రిగారు తొణకలేదు. ఒక్క గ్రాము కూడా తగ్గలేదని సభకు హామీ ఇచ్చారు. హామీ ఇవ్వడం మంత్రిగారి వంతు, దాన్ని నిజం చేయడం అధికారుల వంతు.

మర్నాడే కామాక్షయ్యగారు జీపులో దిగారు.

"రెక్కలు బోలు అన్నావు గదా?"

"అవును సార్."

"సంచుల్లో ఇసుక కుక్కి లోపల పేర్చు."

సిలార్ నోరు తెరుచుకుని చూశాడు. "తిరగవు సార్!"

"తిరగడం గురించి సభలో ఎవరూ అడగలేదు. బరువు గురించే అడిగారు."

ఇసుకకు ఆ తీరంలో కొదవ లేదు. రెక్కలు నిండాయి. గొట్టం ఆరిపోయింది. నారుమడి నెర్రెలిచ్చింది. ప్రారంభోత్సవం మాత్రం ఆగలేదు. గాలిమర కింద చక్రానికి మోకు చుట్టి, దాని రెండో కొసను సరుగుడు తోపులోకి లాగి, పద్దెనిమిది మంది కండగల మనుషుల్ని అక్కడ దాచారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. తోపులో ఎవరో దగ్గారు. రెక్కలు మూలుగుతూ తిరిగాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే ఒక విలేకరి చెట్లవైపు చూసి, "ఆకు కూడా కదలడంలేదు. ఇదెట్లా తిరుగుతోందండీ?" అని అడిగాడు.

కామాక్షయ్యగారు కళ్లు మూసుకున్నారు. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు.

"అదే మన ఇంజనీర్ల ఘనత. ఇది గాలి లేకపోయినా తిరుగుతుంది."

అని ఊరుకోలేదు. గాలితో పనిలేని గాలిమర సముద్రపు ఒడ్డున పడి ఉండడం అన్యాయమనీ, గాలి సౌకర్యానికి నోచుకోని తన కొండల నియోజకవర్గానికి దాన్ని తరలిస్తాననీ అక్కడికక్కడే ప్రకటించారు. పదిహేను రోజుల్లో ఆర్డరు వచ్చింది. గాలిమర దాని అనుబంధ సామగ్రితో సహా బదిలీ. సామగ్రి జాబితాలో గ్రీజు డబ్బాలు, మోకు, పద్దెనిమిది మంది మనుషులు ఉన్నారు.

"నా నారు సంగతి ఏంది సామీ?" అన్నది మాలకొండమ్మ.

కామాక్షయ్యగారు జాబితా మళ్లీ చదివి, "నారు ఇందులో లేదమ్మా," అన్నారు.

లారీ మోయలేదని ముందు ఇసుక తీసేయమన్నారు. సిలార్ ఒక్కో రెక్కనూ కిందికి తిప్పించి, చాంద్‌బీ వేసిన కుట్లు తన చేత్తోనే విప్పాడు. సంచులు దబదబ రాలాయి. గుడ్డ చెడిపోకూడదని, పాడు అలవాటు, మళ్లీ కుట్టేశాడు. ఆఖరి ముడి వేసి నిచ్చెన దిగాడో లేదో, సముద్రం మీద గాలి లేచింది.

రెక్కలు తిరిగాయి. గొట్టం రెండుసార్లు ఉక్కిరిబిక్కిరై, నీళ్లు కక్కింది. మాలకొండమ్మ పార అందుకుని మడిలోకి పరుగెత్తింది.

"ఆపండి!" కామాక్షయ్యగారు కేకలు వేశారు. "ఆర్డరు లేకుండా తిరుగుతోంది! పట్టుకోండి!"

పద్దెనిమిది మందీ మోకు మీద పడ్డారు. అది వాళ్లను ఇసుకలో ఈడ్చుకుపోయింది. మడమలు తన్ని, పళ్లు బిగించి, సూర్యాస్తమయానికి ఎలాగో నిలబెట్టారు. అప్పటికి మాలకొండమ్మ నారుమడి నిండి గట్టు దాటింది.

లారీ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. అందాకా గాలిమరను తిరగనివ్వకుండా కాపాడినందుకు ఆ పద్దెనిమిది మందికీ ఆ నెలలోనే ఉద్యోగాలు పర్మనెంటయ్యాయి.