కర్మ కార్డుకు పసుపంచు

రామబ్రహ్మం మాస్టారి భార్య రాజరాజేశ్వరి సోమవారం పోయింది. గురువారం పొద్దున్నే మాస్టారు జగ్గయ్యపేటలో రత్నబాబు కంప్యూటర్ షాపు మెట్ల మీద కూర్చున్నారు. పన్నెండో రోజు భోజనానికి కార్డులు వేయించి, నందిగామ వెళ్లి వంటవాణ్ణి మాట్లాడుకోవాలి. వీధి వీధికీ వండిపెట్టిన మనిషి పేరున వేసే విస్తళ్లు ఖాళీగా మిగులుతాయేమోనన్నదే ఆయన భయం.

"'శోకతప్త హృదయాలతో' అని వేద్దామాండీ?" అన్నాడు రత్నబాబు.

"వద్దు. 'శుక్రవారం మధ్యాహ్నం రాజరాజేశ్వరి పేరున మా ఇంట భోజనం. తప్పక రండి.' అంతే."

"మరీ పొదుపండీ మీరు."

"నల్లంచు ఉందిగా. మిగతాది అదే చెబుతుంది."

తెర మీద నల్లంచు చూసుకుని, కవర్ల మీద అడ్రసులు రాసిచ్చి, మాస్టారు బస్సెక్కారు. వెంటనే కరెంటు పోయింది.

అది తిరిగొచ్చేసరికి భవానీప్రసాద్ కూతురి పెళ్లి కార్డు కోసం వచ్చి కూర్చున్నాడు. రత్నబాబు కార్డులన్నిటికీ మూసలాంటి టెంప్లేటు ఒక్కటే. అక్షరాల రంగు, అంచు అందులోని స్టైళ్లలో ఉంటాయి. ఏ ఫైలు తెరిచినా టెంప్లేటును చూసి వేషం మార్చుకొమ్మని ఎప్పుడో టిక్కు పెట్టి మరిచాడు. ఇప్పుడు పెళ్లి కోసం ఆ టెంప్లేటులోనే ఎర్రక్షరాలు, పసుపంచు పెట్టాడు. తరవాత మాస్టారి ఫైలు తెరిచాడు. అది బుద్ధిగా ముస్తాబైంది. మళ్లీ కరెంటు పోతుందన్న ఆత్రంలో రత్నబాబు చూడకుండానే నూరు కార్డులు తీసి, కవర్లలో దూర్చి, పుణ్యం వస్తుందని తనే పోస్టు చేశాడు.

ఆదివారం చిల్లకల్లు నుంచి మరదలు సౌభాగ్యమ్మ కార్డు చేత పట్టుకుని ఆటో దిగింది.

"అక్క పన్నెండో రోజునే ముహూర్తమా బావా? పిల్ల పేరు కూడా రాజరాజేశ్వరేనా?"

మాస్టారు కార్డు రెండుసార్లు చదివారు. "ఇందులో పెళ్లన్న మాట ఎక్కడుందమ్మా?"

"పసుపంచు చూశాక లోపల ఎవరు చదువుతారు!"

మాస్టారు షాపుకు పరుగెత్తారు. "మాటలు మార్చలేదండీ, స్టైలొక్కటే మారింది. ఇప్పుడే సరిచేస్తా," అని రత్నబాబు టెంప్లేటుకు నల్లంచు పెట్టాడు. ఆ నల్లంచుతోనే ముందు భవానీప్రసాద్ పెళ్లి కార్డులు బయటికొచ్చాయి. అవి చూసి భవానీప్రసాద్ కర్ర పట్టుకుని రాగానే షాపు మూతపడింది. మాస్టారి నల్లకార్డులు అందులోనే ఉండిపోయాయి.

శుక్రవారం ఊరు ఊరంతా వచ్చింది, ఈ వయసులో మాస్టారు ఎవరిని కట్టుకుంటున్నారో చూద్దామని. గుమ్మంలో దండ వేసిన ఫోటో చూసి, బహుమతి పొట్లాలు వీపు వెనక దాచుకుని, తలలు వంచి పంక్తిలో కూర్చున్నారు. నందిగామ వంటవాడు రెండోసారి ఎసరు పెట్టాడు.

"మీ పెళ్లికి కూడా ఇంతమంది రాలేదు బావా," అంది పప్పు వడ్డిస్తూ సౌభాగ్యమ్మ.

మాస్టారు ఇంకో వరసకు విస్తళ్లు వేయించారు.

నెలలు గడిచినా, రేషను కార్డులో రాజరాజేశ్వరి పేరు ఆయన ఇంకా కొట్టేయించలేదు.