మా గోడకు వచ్చిన విభూతి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు సంగతి ఇది. కర్నూలు రాజధాని అయిందని మా ఆళ్ళగడ్డలో మగవాళ్ళంతా పనులు మాని మీసాలు దువ్వుకుంటున్న రోజులు. నేను అందరికంటే ఎక్కువ దువ్వుకున్నాను. అందుకే ఆ ఏడు మిద్దె మీద చౌడు పోయలేదు.

మా వైపు మట్టిమిద్దెలకు ఏటా వానలకు ముందు చౌడుమన్ను పోసి తొక్కితేనే నీళ్ళు దిగవు. రాజధాని ఉన్న జిల్లావాడు నెత్తిన మట్టిగంప పెట్టుకుంటే బాగుండదని నేను ఊరుకున్నాను. వాన ఊరుకోలేదు.

శ్రావణం నాటికి నడిమింటి గోడకు చెంబుమూతంత నల్లమచ్చ వచ్చింది. పదిరోజుల్లో చాటంత అయింది, దాని మీద తెల్లగా నూగు. ఆ బూజు వాసనకు మా ఇంటి బల్లులు పక్కింటికి కాపురం మార్చాయి. నా భార్య రామసుబ్బమ్మకు దగ్గు పట్టుకుంది. నన్ను తిట్టబోయినా సగంలో దగ్గు అడ్డం వచ్చేది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె తిట్టు సగంలో ఆగడం అదే మొదలు.

"ఏమయ్యా, ఆ బూజుగాలి పీల్చి నా రొమ్ము పట్టేసింది. మిద్దెకు చౌడు పోసి, గోడ గీకి సున్నం కొడ్తావా, నన్ను ఉయ్యాలవాడకు పొమ్మంటావా?"

ఉయ్యాలవాడ ఆమె పుట్టిల్లు. ఆమె పోతే నాకు సంగటి కెలికే దిక్కులేదు. నేను చేసిన సంగటి ఒకసారి మా ఎద్దుకు పెడితే, అది తినకుండా నా మొహం వంక జాలిగా చూసింది.

మట్టి మోయడం ఇష్టం లేదు, సంగటి వదులుకోవడం అంతకన్నా ఇష్టం లేదు. బస్సెక్కి నంద్యాల పోయి, అద్దం కట్టిన శివుడి పటం తెచ్చి సరిగ్గా మచ్చ మీద తగిలించాను.

"గోడ యాడ నల్లగుంది? చూపీ," అన్నాను.

ఆమె పటాన్ని చూసింది, నన్ను చూసింది, దగ్గింది.

బూజు నాకంటే తెలివైంది. పక్కకు పాకింది. నరసింహస్వామిని తెచ్చాను. కిందికి దిగింది. ఆంజనేయుణ్ణి కాపలా పెట్టాను. వినాయకచవితి నాటికి పదమూడుమంది దేవుళ్ళు భుజాలు రాసుకుంటూ ఆ గోడ మీద ఇరుకున పడ్డారు.

నా భక్తి సంగతి ఊరంతా పాకింది. భజన మండలి పెద్ద శేషయ్య ఇరవైమందిని వెంటేసుకుని వచ్చి, ఇకనుంచి శనివారం భజన మా నడిమింట్లోనే అని తేల్చేశాడు. కిటికీ మూసిన గది, సాంబ్రాణి పొగ, ఇరవైమంది ఊపిరి. బూజుకు అంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు.

మూడో శనివారం శేషయ్య పాట మధ్యలో ఆపి శివుడి పటం వైపు వేలు చూపించాడు. పటమంతా తెల్లటి పొడి. విభూతి అన్నాడు. శివుడికి వచ్చింది కాబట్టి సరిపోయింది. పక్కన నరసింహస్వామికి కూడా విభూతి ఎందుకు రాలిందని ఎవరూ అడగలేదు. శేషయ్య ఆ పొడి నుదుట పెట్టుకుని, చిటికెడు నాలుక మీద వేసుకుని, వరసగా పదిసార్లు తుమ్మాడు. పుణ్యం లోపలికి పోయిన గుర్తని అందరూ సంతోషించారు.

నేను అప్పుడే నిజం చెప్పాల్సింది. దానికి బదులు కళ్ళు మూసుకుని, మూడు వారాలుగా ఒక్కపొద్దు ఉన్నానని చెప్పాను. ఆ మధ్యాహ్నం తిన్న కోడికూర ఇంకా పంటి సందులోనే ఉంది.

వంటింటి గడపలో నిలబడ్డ రామసుబ్బమ్మ నిదానంగా ముందుకు వచ్చింది.

"శేషయ్యన్నా, ఒక్కపొద్దే కాదు. స్వామి కరుణిస్తే నలభై గంపల చౌడు తానే మోసి మిద్దెకు పోస్తానని మొక్కుకున్నాడు. ఇంకో మనిషి చెయ్యి తగలగూడదంట. గోడ గీకి సున్నం గూడ ఈయనే కొట్టాల. చెప్పేందుకు సిగ్గుపడతాండాడు."

ఇరవైమందీ నా వైపు చూశారు. మొక్కు అబద్ధమంటే ఒక్కపొద్దూ అబద్ధమే, విభూతీ బూజే. ఆ బూజు శేషయ్య నాలుక మీద ఉంది. ఆయన చేతిలో ఇత్తడి తాళాలు ఉన్నాయి.

"అవునప్పా, మొక్కినా," అన్నాను.

వాన తెరిపిచ్చిన రోజు పొద్దున్నే వాగుగట్టు నుంచి మోయడం మొదలుపెట్టాను. కింద భజన. నిచ్చెన మీద నేను ఆగితే పాట ఆగేది కాదు, వేగం పెరిగేది. నలభై అయ్యాక లెక్కలో అనుమానముందని రామసుబ్బమ్మ ఇంకో ఆరు మోయించింది. మూతికి గుడ్డ కట్టుకుని గోడ గీకాను, కిటికీ తెరిచాను, రెండు పూతలు సున్నం కొట్టాను. దేవుళ్ళు పదమూడుమందీ పెరట్లో ఎండ కాచుకున్నారు.

రెండు వారాలకు గోడ ఆరింది. నేను నడుం పట్టుకుని అరుగు మీద పడుకుని ఉండగా శేషయ్య వచ్చాడు.

"అప్పా, స్వామి మా ఇంటికి గూడ వచ్చినాడు. గోడంతా విభూతి. నీ చేతి చౌడు పడితే గానీ శాంతించేట్టు లేడు."

ఆ మీసాల కింద నవ్వు ఉందో లేదో నేనిప్పటికీ చెప్పలేను. నోరు తెరిచేలోపు రామసుబ్బమ్మ గంప తెచ్చి నా పక్కన పెట్టింది.

"తీస్కపో అన్నా. ఒట్టి పనిదొంగ. నోరు తెరిస్తే అబద్ధం, మూస్తే గురక. మూడు నెలలు నన్ను దగ్గించి, దేవుళ్ళ వెనకాల దాక్కున్న మనిషి. ఊర్లో మిద్దెలన్నీ అయినంక తిరిగి పంపీ."

ఆ తిట్టు మొదటి నుంచి చివరిదాకా ఒక్క దగ్గు లేకుండా వచ్చింది. చాలా రోజులకు పూర్తి తిట్టు విన్న సంతోషంతో, గంప నెత్తికెత్తుకుని శేషయ్య వెనకాలే నడిచాను.