మొగుడనగానే ఆలస్యం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, మధ్యాహ్నం కమిటీ ముందు చేయాల్సిన ప్రయోగాన్ని పరిశోధకుడు పొద్దున్నే భార్య మీద చేసి చూసుకోవాలనుకున్నాడు. మనసులో మాటలు ఎలా సర్దుకుని ఉంటాయన్నది ఆయన పరిశోధన. ఒక మాట అనగానే దానికి దగ్గరగా ఉన్న మాట చటుక్కున బయటికొస్తుందనీ, దూరంగా ఉన్నది ఆలస్యంగా వస్తుందనీ ఆయన సిద్ధాంతం. అది కమిటీకి నచ్చితే ప్రాజెక్టు నిలుస్తుంది, లేదంటే ల్యాబుకి తాళం పడుతుంది. మాటల గురించి ఇంత తెలిసిన మనిషికి మాట్లాడటం ఒక్కటే రాదు. ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటాడు.

“నేనో మాటంటాను. నీకు ముందు ఏది తడితే అది చెప్పెయ్,” అన్నాడు స్టాప్‌వాచ్ పట్టుకుని.

“తొందరగా కానివ్వండి, నాకు బస్సు టైమవుతోంది,” అంది భార్య తల దువ్వుకుంటూ.

“గొడుగు.”

“వాన.”

“చీపురు.”

“చెత్త.”

“మొగుడు.”

దువ్వెన ఆగిపోయింది. ఆవిడ పైకి చూసింది, కిందికి చూసింది. చాలాసేపటికి, “మంచివాడు,” అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

పరిశోధకుడి గుండెల్లో రాయి పడింది. సిద్ధాంతం ప్రకారం ఆవిడ మనసులో తానెక్కడో ఊరి చివర ఉన్నాడు. ఇంకొకరైతే వెనకాలే పరిగెత్తి ఎందుకంత సేపని అడిగేవారు. ఈయన శాస్త్రజ్ఞుడు కాబట్టి ఇంకో ప్రయోగం చేశాడు. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న అత్తగారి దగ్గరికెళ్ళి, “అల్లుడు,” అన్నాడు.

“అమాయకుడు,” అందావిడ తలెత్తకుండానే.

“చూశారా, మీరు ఇట్టే చెప్పేశారు. మీ అమ్మాయికి మాత్రం నేను చాలా దూరమైపోయానండీ,” అని నిట్టూర్చి ల్యాబుకి బయల్దేరాడు.

అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. అల్లుడు వీధి మలుపు తిరిగేలోపే కొడుక్కి ఫోన్ చేసింది. “ఒరేయ్, మీ అక్కకీ బావకీ చెడిందిరా! దూరమైపోయానని ఆయనే నోరారా చెప్పాడు!” కొడుకు లాయరు. వెంటనే ల్యాబు డైరెక్టరుకి ఫోన్ చేసి, “మా బావ మా అక్కని వదిలేస్తున్నాడు, మీరైనా నచ్చజెప్పండి సార్,” అని, తిన్నగా అక్క ఆఫీసుకి పోయాడు.

“ధైర్యంగా ఉండవయ్యా. ఇలాంటివి జరుగుతుంటాయి,” అని ల్యాబుకి రాగానే డైరెక్టరు ఆయన భుజం తట్టాడు. ప్రాజెక్టు సంగతే అనుకున్నాడు పరిశోధకుడు.

“నాకిది అలవాటేనండీ. ఇంతకుముందుది కూడా మధ్యలోనే పోయింది. ఇదీ పోతే ఇంకోటి వెతుక్కుంటాను.”

డైరెక్టరు చెయ్యి ఆయన భుజం మీదే బిగుసుకుపోయింది.

మధ్యాహ్నం కమిటీ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని కూర్చుందో లేదో, తలుపు తోసుకుని బావమరిది అక్కతో సహా ఊడిపడ్డాడు.

“బావా! మా అక్కని ఎలా వదిలేస్తావో నేనూ చూస్తాను!”

“పైగా ఇంకోటి వెతుక్కుంటాడట,” అని డైరెక్టరు నోరు జారాడు.

“ఇంకోటేంటండీ? అసలు మీరు నాకు దూరమయ్యారని ఎవరు చెప్పారు?” అంది భార్య.

“ఇంకోటంటే ప్రాజెక్టే! దూరమని స్టాప్‌వాచ్ చెప్పింది,” అన్నాడాయన దీనంగా. “మొగుడంటే నీకో మాట తట్టడానికి అంతసేపు పట్టింది.”

“నా ఖర్మ! తట్టకపోవడమేంటి? ఒక్కసారిగా మీద పడ్డాయి. గురక, తడి తువ్వాలు, మతిమరుపు, పిలిస్తే పలకని మనిషి... అన్నిటినీ పక్కకి నెట్టి, మీ మొహం చిన్నబోకుండా ఉండే మాట వెతికేసరికి అంతసేపైంది!”

పరిశోధకుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తిట్లయితేనేం, అన్నీ తనవే. ఆ సంతోషంలో కాస్త ఆలస్యంగా తెలిసింది, సిద్ధాంతం కాస్తా కమిటీ కళ్ళెదుటే కూలిపోయిందని. ఇక తాళం ఖాయమనుకున్నాడు.

పెద్దావిడ మాత్రం లేచి నిలబడింది. “అంటే ఆలస్యం దూరం వల్ల కాదు, రద్దీ వల్ల! ఇన్నాళ్ళూ మీరు తలకిందులుగా చూశారన్నమాట. ప్రాజెక్టు ఇంకో ఏడాది పొడిగిస్తాం. కాకపోతే ఈవిడ పక్కకి నెట్టిన మాటలన్నీ రికార్డు చెయ్యాలి.”

“నీకు ఇబ్బందైతే వద్దులే,” అన్నాడు పరిశోధకుడు భార్యతో, ఆశగా.

“రేపట్నించి రానా?” అంది ఆవిడ.

ఏడాది చాలదని మొదటి వారంలోనే తేలిపోయింది.